చెట్టెక్కినవాడి సాక్ష్యం

మా అత్తింట్లో తాటిచెట్టు మీద నుంచి పడి పోయినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా మామ తండ్రి, తరువాత మా మామ. మా మామ పడ్డది నేను కాపురానికి వచ్చిన ఏడాదే. సురంగల్ పొలాల గట్టు మీద నుంచి మంచం మీద మోసుకొచ్చారు. అప్పటి నుంచి మా ఆయన పొద్దున్నే మోకు భుజాన వేసుకుని పోతే, కల్లు కుండతో వాకిట్లోకి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు. మోకు అంటే గీతగాడు తన నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు. మా ఇంటిల్లిపాది బతుకూ దాని మీదే వేలాడేది.

అందుకని ఒక చదువుకున్న మనిషి వచ్చి, నీ మొగుణ్ణి చెట్టు దింపుతానంటే నేను నమ్మాను. ఎవరైనా నమ్ముతారు.

ఆయన పట్నంలో ఒక కాలేజీలో మొక్కల పాఠం చెప్పేవాడు. కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు. మేం సారు అనే పిలిచేవాళ్ళం. మొదటిసారి మా ఊరికి ఆకులు ఏరుకోవడానికి వచ్చాడు. అప్పుడు మా ఆయన చెట్టు మీద ఉన్నాడు. నేను కింద కుండ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమయ్యా, ఆ పక్కనున్న ఇప్పచెట్టు కొసన బదనిక పూసింది. ఒక కొమ్మ కోసి పెడతావా?" అని కేకేశాడు సారు.

"దేనికి సారు, మందుకా?"

"చదువుకయ్యా."

"చదువుకు బదనికలెందుకు సారు, పుస్తకాల్లేవా పట్నంల?"

సారు పడీ పడీ నవ్వాడు. మా ఆయన ఇప్పచెట్టు ఎక్కి, పువ్వు నలగకుండా కొమ్మ తెచ్చి చేతిలో పెట్టాడు. సారు పువ్వును కాదు, మా ఆయన కాళ్ళను చూశాడు.

సారు పని సంగతి మెల్లగా తెలిసింది. పడమటి కొండల మీద ఏడాదిలో సగం రోజులు వాన కురిసే అడవులున్నాయట. అక్కడ ఒక్కొక్క చెట్టు మీద ఎన్ని రకాల తీగలు, నాచులు, బదనికలు బతుకుతున్నాయో ఏరి, ఎండబెట్టి, లెక్క రాసి పుస్తకం వెయ్యాలి. చిక్కేమిటంటే ఆ మొక్కలన్నీ పైన, ఎండ తగిలే కొమ్మల్లో ఉంటాయి. సారు కింద ఉంటాడు.

రెండు చలికాలాలు మా ఆయన్ని వెంట తీసుకుపోయాడు. అక్కడి చెట్ల మొదళ్ళకు మా మోకు చాలలేదట. దానికి రెండింతల పొడుగుది అక్కడే కూర్చుని పేనుకున్నాడు. తిరిగొచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని చెప్పేవాడు. కొమ్మ మీద మట్టి ఉంటుందట. మట్టిలో మొక్క, మొక్క ఆకుల మధ్య నీళ్ళు, ఆ నీళ్ళలో కప్ప. "చెట్టు మీద ఊరున్నదే. మనమేందో కిందున్నం," అనేవాడు. కాళ్ళ మీద జలగలు పట్టిన మచ్చలు చూపించేవాడు. నేను పసుపు రాసేదాన్ని. నేను ఆ అడవిని కళ్ళతో చూడలేదు గాని, ఏ చెట్టు ఎక్కడుందో, ఏ కొమ్మ మీద జారాడో ఇప్పటికీ చెప్పగలను.

పై నుంచి మా ఆయన కేకేసి చెప్పేవాడట, ఎన్ని మనిషి నిలువుల ఎత్తులో దొరికింది, పువ్వు ఏ రంగు అని. ఎండితే రంగు పోతుంది కాబట్టి ఆ మాట అప్పుడే రాసుకోవాలి. సారు ఒక పుస్తకంలో నంబరు వేసి అన్నీ రాసుకునేవాడు. తరువాత మొక్కను పాత న్యూస్‌పేపరు మడతలో పరిచి, పైన బరువు పెట్టి అణిచేవాడు. ఆ పేపరు మూలన పెన్సిలుతో అదే నంబరు.

తిరిగొచ్చిన రోజున సారు మా వాకిట్లో మజ్జిగ తాగుతూ అన్నాడు. "కాలేజీ తోటలో అటెండరు పోస్టు ఖాళీ అవుతోంది. నీకు రాయిస్తాను. ఇంక ఆ తాటిచెట్లెక్కే పని మానెయ్యి."

లోపల పొయ్యి ముందు కూర్చున్న నాకు ఆ మాట వినిపించింది. చేతిలో చాట అట్లాగే ఉండిపోయింది.

తరువాత వచ్చింది అరవై తొమ్మిది. ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్ళకే, అంటే ముల్కీలకే, కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు. కాలేజీలు మూతబడ్డాయి. మొయినాబాద్ దగ్గర రోడ్డుకు అడ్డంగా బండలు పెట్టారు. చేవెళ్ల బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున సారు ఎవరిదో జీపులో తొమ్మిది మొక్కల కట్టలు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

"కాలేజీ అద్దాలు పగిలాయి. నేనా, పరాయివాణ్ణి. ఇవి కాలితే నా బతుకు కాలినట్టే. గొడవ చల్లారేదాకా మీ దగ్గర ఉంచండి," అన్నాడు.

"మీరు పరాయోళ్ళయితే మొక్కలేం జేసినయ్ సారు? గవి ముల్కీలో కావో ఎవ్వలడుగుతరు?" అన్నాడు మా ఆయన.

సారు నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "అమ్మా, నీ చేతిలో పెడుతున్నాను. తేమ తగిలితే బూజు పడుతుంది. పేపరు చెమ్మగిల్లితే మార్చెయ్యి." కొత్త పేపర్ల దొంతర ఒకటి ఇచ్చాడు. పోతూ పోతూ మా ఆయనతో, "ఈ గొడవ నీకు మంచిదేనయ్యా. ఇప్పుడు స్థానికులకే ఇవ్వాలంటున్నారు. నువ్వు ముల్కీవని కాగితం తెచ్చుకో. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు.

ఆ కాగితం కోసం చేవెళ్ల కచేరికి నాలుగుసార్లు నడిచాం. నాలుగోసారి గుమస్తా తలెత్తి, "నువ్వు గీడోడివే అని రుజువేందిరా?" అన్నాడు.

"మా తాత మా ఊరి తాటిచెట్టు మీదికెల్లి వడ్డడు. మా నాయన గదే చెట్టు మీదికెల్లి వడ్డడు. ఇంకేం రుజువు గావాలె దొరా?"

గుమస్తా ముద్ర వేశాడు. ఆ కాగితాన్ని నేను చీరల పెట్టెలో అడుగున పెట్టాను.

వానాకాలం వచ్చింది. మా పెంకుల కప్పు రెండు చోట్ల కారేది. కట్టలను అటకెక్కించినా చెమ్మ వదల్లేదు. ఒక కట్ట విప్పి చూస్తే పేపరు మెత్తబడి, అంచున తెల్లగా బూజు. నాకు ప్రాణం పోయినంత పనైంది. మా ఆయన కల్లు గీయడానికి పోయాడు. తలుపు వేసుకుని కూర్చున్నాను. వెదురు పుల్ల సన్నగా చీల్చి, దానితో ఒక్కొక్క మొక్కనూ రేక రాలకుండా లేపి, కొత్త పేపరులో పరిచాను. తొమ్మిది కట్టలకు ఆరు రోజులు పట్టింది. పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు చేశాను. బూజు పట్టిన పాత పేపర్లన్నీ పొయ్యిలో పెట్టి స్నానానికి నీళ్ళు కాచాను.

మూలన పెన్సిలు గీతలు నేను చూశాను. రెండో తరగతి దాకా చదివినదాన్ని, నూరు దాకా అంకెలు వచ్చు. కాని పేపరు మీద రాసింది పేపరుదే అనుకున్నాను, లోపలి మొక్కది అనుకోలేదు. బట్టల మూట మీద గీత ఉంటే మనం బట్టలకు అంటగడతామా?

వానలు తగ్గాక సారు వచ్చాడు. మొదటి కట్ట విప్పి, ఒక మడత తీశాడు. ఇంకోటి తీశాడు. రెండో కట్ట విప్పాడు.

"నంబర్లేవి?"

"ఏం నంబర్లు సారూ?" అన్నాను నేను.

చెప్పాడు. నేను పొయ్యి వైపు చూశాను. ఆయనా చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు. "ఎక్కడ దొరికిందో తెలియని మొక్క గడ్డిపోచతో సమానం అమ్మా. రెండు చలికాలాల పని," అన్నాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆయన కుండ దించి వచ్చి, సంగతి విని, ఒక మడత చేతిలోకి తీసుకున్నాడు.

"గడ్డెట్లయితది సారు, నేనెక్కినగద. ఇది వాగు మూల మీద చెట్టుది. రెండో చలికాలం. ఎర్రగ ఉండె పువ్వు. కిందికి దెచ్చేటాలకు మీరు 'ఇంకోటి లేదా' అన్నరు, నేను మల్లెక్కిన."

సారు పుస్తకం తీసి వెతికాడు. వాగు, ఎరుపు, తొమ్మిది నిలువులు. ఉంది.

మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క మొక్క తియ్యడం, మా ఆయన చెప్పడం, సారు పుస్తకంలో వెతికి నంబరు వెయ్యడం. మధ్యలో కావాలని తప్పు చదివి చూసేవాడు.

"ఇది పసుపు పువ్వు గదూ?"

"మీకు పచ్చకామెర్లా సారు? తెల్లగ ఉండె. వాసన గూడ జెప్పాల్నా?"

చెప్పలేనివి పదకొండు మిగిలాయి. వాటిని మా ఆయనే పక్కన పెట్టించాడు. "తెల్వనిది తెల్వదనే రాయిండ్రి," అన్నాడు. నేను జొన్నరొట్టెలు కాల్చి పెడుతూ విన్నాను. నా తప్పు నా మొగుడు దిద్దుతున్నాడని నాకు ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను. సారు పోతూ మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

కాలేజీ తెరిచారు. పుస్తకం అచ్చయింది. ఆ తరువాతి సీతాఫలాల కాలంలో, వచ్చి కాలేజీ పెద్దసారును కలవమని కబురొచ్చింది. పోస్టు ఆయన చేతిలో ఉంది. నేనూ వస్తానన్నాను. ముల్కీ కాగితం, బుట్టెడు పండ్లు తీసుకుని మొయినాబాద్‌లో బస్సెక్కాం.

గదిలో పెద్దసారు కూర్చుని ఉన్నాడు. ఇంకో ఇద్దరు పాఠాలు చెప్పేవాళ్ళు, పక్కన మా సారు. బల్ల మీద బూడిద రంగు అట్టతో పుస్తకం. పెద్దసారు కాగితం చూసి, తలూపి, మంచిగానే పలకరించాడు.

"ఈ చెట్లన్నీ ఎక్కింది నువ్వేనటయ్యా. మంచి పుస్తకం. ప్రతి మొక్కకూ ఎంత ఎత్తున దొరికిందో నంబరుతో సహా ఉంది. ఇంత జాగ్రత్త నేనెక్కడా చూడలేదు."

మా ఆయన మొహం వెలిగింది. ఆయన్ని ఆపాలని నాకు తోచలేదు. ఆపడానికి ఏముంది అందులో?

"నంబర్లన్ని నేనే జెప్పిన సారు. వానకు కాయితాలు తడిస్తే మా ఇంటామె పొయ్యిల వెట్టింది. నంబర్లు వాయె. మల్ల మూడు దినాలు గూసొని ఒక్కొక్కటి యాది జేసి నేను జెప్తుంటె సారు రాసిండు."

పెద్దసారు మా సారు వైపు తిరిగాడు. "ఏమిటిది?"

మా సారు పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు నవ్వాడు. "కల్లు గీసేవాడు గదండీ. పొద్దున్నే కాస్త పడి ఉంటుంది."

పక్కనున్న ఇద్దరూ నవ్వారు. మా ఆయన వాళ్ళను చూశాడు, సారును చూశాడు. మా ఆయన ఊరందరికీ కల్లు పోసేవాడు. తండ్రి తాగి ఎక్కే పడ్డాడని, తాను చుక్క ముట్టేవాడు కాదు.

పెద్దసారు నన్నడిగాడు. "ఈయన తాగాడన్నది నిజమేనా అమ్మా?"

కాదంటే సారు అబద్ధాలకోరు అవుతాడు, పోస్టు ఇప్పించేది ఆయనే. ఆయన్ని చెడగొట్టుకుంటే ఎట్లా అనుకున్నాను. మా మామను మోసుకొచ్చిన మంచం కళ్ళ ముందు ఉంది. తల వంచుకున్నాను. తాగుబోతుకు కొలువు ఎవరూ ఇవ్వరన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. అంత తెలివి ఉంటే చాలా జరిగేవి కావు.

"వెళ్ళి రండి, కబురు చేస్తాం," అన్నాడు పెద్దసారు.

మా వెనకాలే సారు వరండాలోకి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఎందుకన్నావయ్యా ఆ మాట? చదువులేనివాడు గుర్తుతో చెప్పింది పుస్తకంలో రాశానంటే ఎవరు ఒప్పుకుంటారు? నా పని మొత్తం కొట్టిపారేస్తారు."

"అబద్ధం జెప్పిన్నా సారు?"

"నిజమే చెప్పావు. అదే నా ఖర్మ. నువ్విక్కడ ఉంటే రేపు ఇంకొకడు అడుగుతాడు, వాడికీ నిజమే చెబుతావు." ఆగాడు. "ఏమనుకోకు."

ఆ పోస్టు ఇంకొక ఇక్కడివాడికే ఇచ్చారు. ముల్కీ కాగితం అతనికీ ఉంది. మొక్కలంటే తెలియనివాడని తరువాత విన్నాం. సారు మళ్ళీ మా ఊరికి రాలేదు. ఆయన పెద్ద పదవిలోకి పోయాడని చెప్పుకున్నారు. మా ఆయన మోకాళ్ళు నిలవనని మొరాయించేదాకా తాళ్ళెక్కాడు. పడలేదు. అది సారు దయ కాదు.

ఆ రోజు తిరుగు బస్సులో ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. బస్సు అజీజ్‌నగర్ దాటింది. అప్పుడు ఆయన కిటికీ బయటికి చూస్తూనే అడిగాడు.

"నా తాన వాసన గొట్టిందా నీకు?"

"లేదు."

"మరి గాడ గా మాట అనకపోతివి?"

నీకోసమే, నువ్వు చెట్టు దిగాలని, అని నోటిదాకా వచ్చింది. అప్పటికే అదీ ఒక అబద్ధం లాగే వినిపిస్తుందని తెలుసు. కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను. ఆయన మొయినాబాద్‌లో దిగి, నాకోసం ఆగకుండా ముందు నడిచాడు.