నవలకో సవరణ

బనగానపల్లెలో బస్సు ఆగినా నా పక్క సీటాయన లేవలేదు.

"ఏమప్పా, దిగుతాండావా లేదా?" అని కండక్టరు కేకేశాడు.

ఆయన సొంతూరు అదే. దారిలో తన కథ చెప్పాడు. చాలా ఏళ్లు పేపర్లో కరువు వార్తలు రాసి, మానేసి, హాస్య నవల రాశాడు. అందులో ఓ పెద్దమనిషి బోరు పూజ రోజున నీళ్ల తొట్టిలో పడతాడు.

"అది నేనే అంటాండాడు మాయన్న. 'నేను తొట్లో యాడ పడినా? పేపర్లో ఏసినట్ల సవరణ ఎయ్యి. అంతవరకు నా గడప తొక్కొద్దు' అన్యాడు. నవలకు సవరణ యాడేసేదప్పా?"

నాదీ పేపరు పనే, నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. సంచి భుజాన వేసుకుని మెల్లగా దిగిపోయాడు.

ఈమధ్య కర్నూలులో ఆ నవల రెండో ముద్రణ కనిపిస్తే కొన్నాను. చివరి పేజీలో ఒకే వాక్యం ఉంది: "సవరణ: తొట్టిలో పడినది రచయిత."

అన్న గడప తొక్కనిచ్చాడో లేదో నాకు తెలియదు.