ముప్పై ఆరు చిప్పులు, ఒక హార్డ్ డిస్కు

మెమరీ చిప్పుల మీద గోళ్లరంగుతో చుక్కలు పెట్టింది నేనే. మొత్తం ముప్పై ఆరు చిప్పులు. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది. నల్లటి ఒళ్లు, రెండు వైపులా సన్నటి వెండి కాళ్లు, అచ్చం జెర్రిపిల్లలా ఉంటుంది. మంచం మీద పాత పేపరు పరిచి, వాటిని వరసగా పేర్చి, అగ్గిపుల్ల మొనతో ఒక్కోదానికి ఒక ఎర్ర చుక్క పెట్టాను. ఆరేదాకా పక్కనే కూర్చున్నాను. మెకానిక్ వాటిని మార్చేస్తాడని నా అనుమానం.

ఇది ఎనభైల చివరి సంగతి. హుస్సేనీ ఆలంలో ఒక సైకిల్ షాపు పైన మాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మా నాన్న, బాపు, పెట్టింది. ఆయన పోయాక నేనే నడిపేదాన్ని. నాకప్పుడు ముప్పై దాటలేదు, పెళ్లి కాలేదు. ఒంటరి ఆడదాన్ని ఎవరైనా సరే మోసం చేస్తారన్నది బాపు నాకు నేర్పిన మొదటి పాఠం. "రిబ్బన్ కొంటే చుట్ట విప్పి సూడాలె. కార్బన్ కాగితాలు కొంటే నడిమిట్ల కాగితం తీసి సూడాలె. పైన మంచియే పెడతరు బిడ్డా" అనేవాడు. టైపు కొట్టడం కన్నా ఆ పాఠమే నాకు బాగా వంటబట్టింది.

ఎనిమిది టైపు మిషన్లకు ఒకప్పుడు పొద్దున ఆరింటి నుంచి ఖాళీ ఉండేది కాదు. ఆ ఏడాది సగం మిషన్ల మూతలు తీయడమే మానేశాను. పరీక్షకు కట్టిన పిల్లలే వచ్చి, "టీచర్, కంప్యూటర్ గిట్ల నేర్పిస్తరా?" అని అడిగి, నేను తల అడ్డంగా ఊపితే మూసీ దాటి అవతలి కంప్యూటర్ సెంటర్లకు పోయేవారు. కంపెనీ కంప్యూటర్ కొనే శక్తి నాకు లేదు. విడి భాగాలు కొని బిగించుకుంటే మాత్రం అందుబాటులో ఉంటుందని విన్నాను. నాలుగు మిషన్లు అమ్మేశాను.

సలహా ఇచ్చేవారు ఇద్దరు దొరికారు. ఒకరు మా బావ, అక్క భర్త. వాళ్లది కోస్తా. పెద్ద ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, ఇస్త్రీ చెదరని చొక్కా, ఇంగ్లీషు కలిసిన మెత్తటి మాట. రెండోవాడు మొఘల్‌పురాలో ఒక ఇరుకు గల్లీలో టీవీలు, కాల్‌క్యులేటర్లు బాగుచేసే మెకానిక్. యాభై ఏళ్ల మనిషి. ముక్కు చివర కళ్లద్దాలు, చొక్కా జేబులో నాలుగు స్క్రూడ్రైవర్లు. బ్యాంకుల్లో చెడిపోయిన కంప్యూటర్లు కూడా అతని దగ్గరికి వస్తాయని సైకిల్ షాపతను చెప్పాడు. నేను అతన్ని భాయ్ సాబ్ అనేదాన్ని, అతను నన్ను టీచరమ్మా అనేవాడు.

ఇద్దరూ రెండు జాబితాలు రాసిచ్చారు. ఏ ఒక్క వస్తువు దగ్గరా అవి కలవలేదు.

"రంగుల మానిటర్ ఉంటే పిల్లలు ఎగబడి వస్తారు. క్యాబినెట్ కూడా చూడ్డానికి హుందాగా ఉండాలి. ఇదంతా నేను చూసుకుంటాను కదా, నువ్వేం కంగారుపడకు" అన్నాడు బావ.

అదే మాట భాయ్ సాబ్‌తో అన్నాను. అతను నవ్వలేదు.

"రంగులేం జేస్కుంటవ్ టీచరమ్మా? అక్షరాలు ఆకుపచ్చగున్నా అక్షరాలే. ముందుగాల పవర్ సప్లై మంచిది దీస్కో. మన దిక్కు కరెంటు ఎట్లొస్తదో నీకెర్కే గదా. కీబోర్డు మంచిది దీస్కో, పిల్లలు దాన్నే కొడ్తరు. డబ్బా ఏదైతేంది, రేకే గదా."

మాట సబబుగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. తక్కువ రకం కొనమనేవాడికి అందులో ఏదో లాభం ఉండే ఉంటుందని ఆ రోజంతా ఆలోచించాను. బావ విషయంలోనూ అంతే. ఖరీదైనవి కొనమనేవాడికి కమీషన్ ఉంటుంది. చివరికి జాబితాలు రెండూ చించి సగం సగం కలిపాను. మానిటర్ ఆకుపచ్చదే. హార్డ్ డిస్కు మాత్రం బావ తెస్తానన్నాడు, ఎవరో స్నేహితుడు సింగపూర్ నుంచి తెప్పిస్తున్నాడట. మదర్ బోర్డు, మెమరీ చిప్పులు భాయ్ సాబ్‌తో వెళ్లి నేనే కొనాలి.

వెళ్లే ముందు రోజు అతను ఒక వింత కోరిక కోరాడు. "రేపొచ్చేటప్పుడు గోళ్లరంగు తుడిచే మందు ఒక సీస తే."

ఇంట్లో ఆడవాళ్లకేమో, నా ఖాతాలో కొనిపిస్తున్నాడు అనుకుంటూనే లాడ్ బజార్‌లో గాజుల కొట్టు పక్కన చిన్న సీసా కొన్నాను.

కోఠి వెనక గల్లీలో ఆ దుకాణం రెండు బీరువాల వెడల్పు ఉంటుంది. యజమాని చిప్పులున్న పొడుగాటి గొట్టాలు కౌంటర్ మీద పెట్టాడు. భాయ్ సాబ్ ఒక చిప్పు బయటికి తీసి, కళ్లద్దాలు పైకి నెట్టి, దాని వీపు మీదున్న తెల్లటి అంకెలను చాలాసేపు చూశాడు. నా వైపు చెయ్యి చాపాడు. సీసా ఇచ్చాను. జేబురుమాలు కొస తడిపి చిప్పు మీద రెండుసార్లు రుద్దాడు. అంకెలు రుమాలుకు అంటుకుని వచ్చేశాయి. వాటి కింద పాత అంకెలు మసగ్గా బయటపడ్డాయి. చివరి అంకె వేరు.

"క్యా కర్రే మియా! మాల్ ఖరాబ్ కర్రే!" అని, సరుకు పాడుచేస్తున్నాడని అరిచాడు యజమాని.

"మాల్ పహ్లేచ్ ఖరాబ్ హై" అన్నాడు భాయ్ సాబ్ నెమ్మదిగా, సరుకు ముందే పాడైనదని. నాతో తెలుగులో, "నిదానంగ నడిచే చిప్పులు టీచరమ్మా. పాత నంబర్ గీకేసి, జోరుగ నడిచే చిప్పుల నంబర్ ఛాపించిండ్రు. ఎండకాలం వచ్చిందనుకో, లెక్కలు తప్పుతయి" అన్నాడు.

యజమాని కాసేపు లొల్లి చేసి, లోపలికి వెళ్లి వేరే గొట్టాలు తెచ్చాడు. వాటిని ఎంత రుద్దినా అంకెలు చెదరలేదు. అవే కొన్నాం.

ఈ సంగతి తర్వాత ఎవరికైనా అతని మీద నమ్మకం కుదరాలి. నాకు ఇంకో రకంగా తోచింది. మోసం ఇంత బాగా తెలిసినవాడు మోసం చేయడం కూడా ఇంతే బాగా తెలిసినవాడు. మంచి చిప్పులు నా చేత కొనిపించి, తన షాపులో పాతవి బిగించి, ఇవి బ్యాంకు వాళ్లకు పెట్టుకుంటే నేను కనిపెట్టగలనా? తిరుగుదారిలో మళ్లీ లాడ్ బజార్‌లో ఆగి, ఈసారి గోళ్లరంగు కొన్నాను. చుక్కలు పెట్టి మర్నాడు అతనికి అప్పగించాను. అతను చూశాడో లేదో తెలియలేదు. 

ఆ వారమే బావ హార్డ్ డిస్కు తెచ్చాడు. ఇటుకంత ఉంటుంది, ఇటుకంత బరువూ ఉంటుంది. కొత్త ప్లాస్టిక్ సంచీలో, స్పాంజి మధ్య పెట్టి ఉంది. "బ్రాండ్ న్యూ. మా వాడు విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు" అన్నాడు. కొత్తదానికయ్యే ధరే ఇచ్చాను. దాని అడుగున ఒక స్క్రూ తల మీద కూడా ఎర్ర చుక్క పెట్టి మొఘల్‌పురా తీసుకెళ్లాను.

భాయ్ సాబ్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. పక్కన స్క్రూలు బిగించే రంధ్రాల్లోకి టార్చి వేసి చూశాడు. 

"మీ బావ తెచ్చిండా?"

"అవు."

"సొంత బావనేనా? మీ అక్క ఇంటాయననే?"

"అవు. ఏంది భాయ్ సాబ్?"

"ఏం లే. అచ్ఛా" అని బల్ల మీద పెట్టాడు.

ఆ 'అచ్ఛా' నాకు నిద్ర లేకుండా చేసింది. దీని మీద కన్ను వేశాడన్నమాట.

బిగించడానికి పది రోజులు పట్టింది. నేను రోజూ ఏదో వంక పెట్టుకుని వెళ్లేదాన్ని. ఒకరోజు ప్లగ్గు సంగతి, ఒకరోజు బల్ల కొలత. మాట్లాడుతూనే మూత తీసి ఉన్న డబ్బాలోకి చూసి చుక్కలు లెక్కపెట్టేదాన్ని. ఏడో రోజు లెక్క ముప్పై మూడే వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. మూడు చిప్పుల మీద చుక్క లేదు.

 "భాయ్ సాబ్, నా చిప్పులు మూడు ఏడ వోయినయి?"

అతను తల ఎత్తలేదు. సొరుగు లాగి, జర్దా డబ్బా ఒకటి తీసి, మూత తెరిచి నా ముందు పెట్టాడు. అందులో ఎర్ర చుక్కల చిప్పులు మూడు ఉన్నాయి.

"ఖరాబున్నయి. వేడెక్కినంక తప్పు జెప్తున్నయి. రాత్రి నా దగ్గరున్నయి పెట్టిన. ఇవి దుకాణపోనికి వాపస్ ఇయ్యాలె, అందుకే దాచిన."

"నాతోని ఒక్క మాట చెప్పొద్దా?"

"నిన్ననే చెప్దామనుకున్న. నువ్వొచ్చినవ్, సలామన్నా అనలే, డబ్బా దిక్కే సూస్కుంట ఉన్నవ్." సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "చుక్కలు తెచ్చిన దినమే సూసిన టీచరమ్మా. పెట్టుకోనీ అనుకున్న. నీ సొమ్ము, నీ ఫికర్. ముప్పై ఏండ్ల సంది ఈ పనిల ఉన్న. నా ముందటనే గిట్ల లెక్కవెట్టినోళ్లు లేరు."

 తప్పయిందని చెప్పి ఉండాల్సింది. "చాయ్ తాగుతరా?" అన్నాను. అతను వద్దన్నాడు. ఇంటికి నడిచి వస్తూ సిగ్గుపడ్డాను. అయినా గల్లీ మలుపు తిరిగేసరికి, ఆ మూడు నిజంగా పాడయ్యాయని నాకెలా తెలుసు అన్న ఆలోచన మళ్లీ వచ్చింది.

కంప్యూటర్ మా ఇన్‌స్టిట్యూట్‌కు రిక్షాలో వచ్చింది. స్విచ్ వేయగానే నల్లటి తెర మూలన ఆకుపచ్చ అంకెలు గబగబా పెరుగుతూ ఆరువందల నలభై దగ్గర ఆగాయి. ఆ మెమరీ లెక్కకు ముప్పై ఆరు చిప్పులూ పలికాయన్నమాట. సైకిల్ షాపతను కూడా మెట్లెక్కి వచ్చి చూశాడు.

వారం తర్వాత, పుస్తకం ముందు పెట్టుకుని డిస్కులో ఏమేం ఉన్నాయో చూడటం నేర్చుకుంటున్నాను. మేము పెట్టని పేరుతో ఒక అర, కంప్యూటర్ భాషలో డైరెక్టరీ, కనిపించింది. తెరిచాను. అందులో ఇరవై దాకా ఉత్తరాలు ఉన్నాయి. ఎవరో ఆఫీసు టైపిస్టు రాసుకున్నవి. సెలవు కావాలని, ఆలస్యానికి క్షమించమని, బదిలీ చేయమని. ఒక్కో ఉత్తరం పక్కన తేదీ. అన్నీ రెండేళ్ల కిందటివి.

రెండేళ్లు ఒక ఆఫీసులో తిరిగిన డిస్కు కొత్తదెలా అవుతుంది? భాయ్ సాబ్ మార్చేశాడు. నా మనసు ముందు అటే పోయింది. అతని ముందు అంత సిగ్గుపడ్డాక కూడా అటే పోయింది. డబ్బా మూత విప్పి, టార్చి వేసి, తల వంచి చూశాను. స్క్రూ తల మీద ఎర్ర చుక్క చెక్కుచెదరకుండా ఉంది. అది నేను ఇచ్చిన డిస్కే. బావ తెచ్చిన డిస్కే.

ఆ మధ్యాహ్నమే మొఘల్‌పురా వెళ్లాను.

"మీకు ఎర్కనేనా భాయ్ సాబ్?"

"ఎర్కనే. స్క్రూలు బిగించిన గీతలున్నయి లోపట. కొత్త మాల్‌ల గీతలుండయి."

"మరి చెప్పరా నాకు? గంత దూరం దుకాణంల చిప్పు రుద్ది సూపిచ్చిండ్రు గదా!"

"వాడు దుకాణపోడు. ఈయన మీ ఇంటి అల్లుడు." అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను బయటోణ్ణి. నా నోటి మాటతోని మీ అక్కాచెల్లెండ్ల నడుమ లొల్లి అయితే? డిస్కును మూడు దినాలు ఆపకుంట నడిపి సూసిన. మంచిగ నడుస్తది. నడ్వకుంటె చెప్తుంటి. ఖుదా కసమ్, చెప్తుంటి."

అతని మీద కోపం రావాలో వద్దో తేల్చుకోలేకపోయాను. కోపమంతా బావ మీదికి మళ్లింది.

ఆదివారం అక్క ఇంట్లో భోజనం. అడగాల్సిన మాటలు బస్సులోనే కూర్చుకున్నాను. అక్క పప్పు వడ్డిస్తోంది. బావ కంప్యూటర్ ఎలా ఉందని తనే అడిగాడు.

"మంచిగుంది బావా. ఆ డిస్కు ఎక్కడ కొన్నమంటిరి?"

"సికింద్రాబాద్‌లో. నాకు తెలిసిన షాపే" అన్నాడు అన్నం కలుపుతూ.

సింగపూర్ లేదు, విమానం లేదు. నేను నోరు తెరిచాను. అక్క గరిటె గిన్నె మీద ఆగిపోయింది. ఆమె బావను చూడలేదు, నన్ను చూసింది. ఆ చూపు నేను ఇంతకు ముందు ఎరగనిది.

"ఇంకొంచెం పప్పు ఎయ్యనా?" అంది నాతో. నేను తలూపాను.

తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతూ అక్క మెల్లగా అంది. "ఏదన్నుంటె నాతోని చెప్పు. ఆయనతోని అడగకు."

"ఏమైందక్కా?"

"ఏం గాలే. ఒక్కోసారి ఒక్కో మాట చెప్తడు. ఎక్కడికి వోయినవంటె ఒకటి, ఎవరిని కలిసినవంటె ఒకటి. అడిగినకొద్ది ఎక్కువ చెప్తడు. అందుకే అడుగుడు బంద్ చేసిన." గిన్నె బోర్లించి నా వైపు తిరిగింది. "చెప్పు, ఏం జేసిండు?"

ఆమె ముఖం చూశాను. నేను ఒక వస్తువు కోసం అనుమానపడి పది రోజులు నలిగిపోయాను. ఈమె పదేళ్లుగా ఒక మనిషిని అనుమానిస్తూ ఆ మనిషికే వండి పెడుతోంది. నేను తెచ్చిన సంగతి ఆ లెక్కలో ఇంకొకటి కలుపుతుంది, అంతే.

"ఏం లేదక్కా. మంచిగ నడుస్తుంది. ఉత్తగనే అడిగిన" అన్నాను.

ఆమె నమ్మలేదని నాకు తెలుసు. అయినా తువ్వాలు అందుకుని గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది.

డిస్కు నిజంగానే నడిచింది, నాలుగేళ్లకు పైగా. మొదటి నెల ఎనిమిది మంది పిల్లలు చేరారు, చలికాలానికి ఇరవై దాటారు. బావను స్నేహితుడే మోసం చేశాడా, తెలిసే తెచ్చాడా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. రెండు మాటలు చెప్పినంత మాత్రాన మనిషి దొంగ కాకపోవచ్చు. కాకపోవచ్చు అనుకుంటూనే ఉన్నాను.

మరుసటి ఏడాది రెండో కంప్యూటర్‌కు భాగాలు కొనాల్సి వచ్చింది. సంగతి తెలిసి బావ ఇన్‌స్టిట్యూట్‌కే వచ్చాడు. "ఈసారి ఇంకా మంచి డిస్కు వస్తుంది, నేను మాట్లాడనా?" అన్నాడు.

"వద్దు బావా. భాయ్ సాబ్‌తోని పోయి నేనే తెచ్చుకుంట. మీకెందుకు తిప్పలు" అన్నాను.

 ఆయన "నీ ఇష్టం" అని చొక్కా చేతులు సరిచేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.