నల్లబట్టల సిద్ధాంతం

మతం పైనుంచి ఊడిపడలేదని, మనిషి రెండు కాళ్ల మీద నిలబడటం నేర్చినట్టే, బతకడానికి పనికొచ్చింది కాబట్టి అదీ మనతో పాటు పెరిగిందని చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి ఆ కార్తీకమాసంలో నాకు దొరికింది. చిక్కడపల్లి లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని చదువుతుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. ఇంటర్ తప్పాక నేను కాలేజీ గడప తొక్కలేదు. అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపులో పని. మధ్యాహ్నం దొరికే గంటన్నరలోనూ, షాపు కట్టేశాక లైబ్రరీ మూసేదాకానూ చదివిందే నా చదువు. గొప్పగానే చెప్పుకుంటాను: నాకు డిగ్రీ లేదు గానీ, అక్కడ ఏ బీరువాలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను.

పుస్తకంలో నన్ను ఊపేసిన సంగతి ఇది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకరినొకరు ఎలా నమ్మాలి? నేను మంచివాణ్నని నోటితో ఎవడైనా అంటాడు. అదే ఒక నియమం కోసం ఆకలికీ చలికీ ఓర్చి, ఇష్టమైనవన్నీ వదిలేసినవాణ్ని చూస్తే నమ్మబుద్ధవుతుంది. అంత కష్టం దొంగ పడడు. అలా నమ్ముకున్న గుంపులు కరువుల్లో కలిసి నిలిచాయట, మిగతావి చెదిరిపోయాయట. మనం నిలిచినవాళ్ల సంతానం. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, బయటికొచ్చి, మెట్ల మీద ఒక్కణ్నే నవ్వుకుంటూ నిలబడ్డాను. ఉపవాసాలు, గుండు చేయించుకోవడాలు, నిప్పుల మీద నడవడాలు అన్నీ ఒక్క తాళంచెవికి తెరుచుకున్నట్టనిపించింది.

ఆ రోజుల్లోనే మాకు గది పోయింది. మాకు అంటే నాకూ, నా రూమ్మేటుకూ. అతనిది పాలమూరు వైపు ఊరు, టైల్స్ పరిచే పని. మేముంటున్న పాత బిల్డింగు కూలగొడతామని, నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పారు. నారాయణగూడ ఫ్లైఓవర్ నుంచి చిక్కడపల్లి సందుల దాకా పది ఇళ్లు తిరిగాం. అందరిదీ ఒకటే మాట, బ్యాచిలర్లకు ఇవ్వం. ఒకాయన గేటు కూడా తీయకుండా తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ దొరక్కపోతే రింగు రోడ్డు అవతలికి పోవాలి. అక్కణ్నుంచి రెండు బస్సులు మారి వచ్చిపోతే నా సాయంత్రాలన్నీ బస్సుల్లోనే అయిపోతాయి. అతనికి పని ఎక్కడైనా దొరుకుతుంది. లైబ్రరీ నాకు ఎక్కడ దొరుకుతుంది?

సరిగ్గా అప్పుడే అతను అయ్యప్ప మాల వేసుకున్నాడు. గది కోసం కాదు, ఏటా వేసుకుంటాడు. నల్లబట్టలు, నుదుట గంధం, చెప్పులు లేని కాళ్లు, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. మాంసం, మందు, గుట్కా అన్నీ బంద్. ఎవర్నీ తిట్టకూడదు, అందర్నీ స్వామీ అనాలి. ఆఖరికి నన్ను కూడా.

వారం కిందట మమ్మల్ని గేటు దగ్గరే పొమ్మన్న ఒక పెద్దావిడ ఉంది, లైబ్రరీకి అయిదు నిమిషాల నడక దూరంలో. టూలెట్ బోర్డు ఇంకా వేలాడుతోందని మళ్లీ వెళ్లాం. ఈసారి ఆవిడ అతన్ని చూసి, రాండి స్వామీ అంటూ కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. మేడ మీదికి తీసుకెళ్లి గది చూపించింది. తాళంచెవి చేతిలోనే ఉంది.

నాకు పుస్తకంలోని పేజీకి కాళ్లొచ్చి ఎదురుగా నడుస్తున్నట్టనిపించింది. ఆగలేకపోయాను.

"అమ్మా, పోయిన వారం మీరు పొమ్మన్నది మమ్మల్నే. గీ నల్లబట్టలే మారినయ్, మనిషి గాయననే."

అంతటితో ఆగినా బాగుండేది. అడవుల్లో గుంపుల దగ్గర్నుంచి మొదలుపెట్టి, దొంగ కష్టపడడనే దాకా మొత్తం అప్పజెప్పాను. ఆవిడ కుర్చీ వేయడం కొన్ని వేల తరాల కిందటి అలవాటని కూడా చెప్పాను. నా రూమ్మేటు మొహం నల్లబట్టల కంటే నల్లబడింది.

"స్వామీ," అన్నాడు పళ్లు బిగబట్టి, "మీరు జర కిందికి పోయి నిలబడుండ్రి స్వామీ."

తిట్టలేని తిట్లన్నీ ఆ రెండు స్వామీల మధ్య కుక్కాడు.

ఆవిడ తాళంచెవి మళ్లీ బొడ్లో దోపుకుంది. "అంటే కష్టపడేటోన్ని నమ్మాలె. మంచిగనే ఉంది. మరి నువ్వేం కష్టపడుతున్నవ్ బిడ్డా? నిన్నెట్ల నమ్మాలె?"

గది చేజారుతోందని నాకు అప్పుడు తెలిసింది. రేపే నేను కూడా మాల వేసుకుంటానని అనేశాను.

ఆవిడ నవ్వింది. "మాలేస్తే గది దొరుకుతదని ఎరుకైనంక ఏసుకున్న మాలను ఏం నమ్మాలె? నువ్వు సదివి ఖరాబైనవ్."

నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు గంతులేయాలనిపించింది. అప్పటికి పుస్తకం ముప్పాతిక వంతు చదివాను, ఈ ప్రశ్న ఎక్కడా తగల్లేదు. జేబులోంచి చెడిపోయిన జిరాక్స్ కాగితం తీశాను. ఆవిడనే పెన్ను అడిగి, గోడకు ఆనించి రాసుకోవడం మొదలుపెట్టాను. మళ్లీ చెప్పమంటే ఓపిగ్గా మళ్లీ చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా కిరాయికి ఇస్తోందట. అన్ని దేవుళ్ల వాళ్లూ ఉండి వెళ్లారట, అందరిలోనూ బంగారాలూ ఉన్నారట, నియమం అయిపోయిన మర్నాడే మేడ మీద సీసాలు దొర్లించినవాళ్లూ ఉన్నారట. మరి కనిపెట్టడం ఎలాగని అడిగితే ఆరు నెలలు చూడాలంది. అదీ రాసుకున్నాను. నా రూమ్మేటు మెట్ల మీద కూలబడి శరణమయ్యప్ప అనుకుంటున్నాడు. ఆ శరణం నా కోసమైతే కాదు.

"స్వామీ, గీయన ఎప్పుడు గిట్లనేనా?" అని అడిగింది ఆవిడ.

"ఎప్పుడు గిట్లనే తల్లీ. కడుపుల ఏది దాగదు. గందుకే మాకు ఏ గది దొరుకుతలేదు."

ఆవిడ కాసేపు నా కాగితం వైపు చూసింది. "వారం కింద వచ్చింది మీరేనని నాకు యాదికే లేకుండె. చెప్పకుంటే గది మీదే అవుతుండె. పోతదని ఎరుకై గూడ నోరు మూస్కోలే. గిది గూడ కష్టమేనేమో."

నాకు పోతుందని తెలియలేదని, ఉత్సాహంలో అసలు ఆలోచనే రాలేదని చెప్పబోయాను. రూమ్మేటు లేచొచ్చి, స్వామీ అంటూ ఆప్యాయంగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ చూడనే చూసింది. ఇంకా గట్టిగా నవ్వి, తాళంచెవి అతని చేతిలో పెట్టింది. ట్యాంకు నిండగానే మోటరు బంద్ చేసే పని నాదంది. తనకు కళ్లు సరిగా ఆనడం లేదు కాబట్టి ఆ పుస్తకం తెచ్చి సాయంత్రాలు చదివి వినిపించాలని కూడా అంది.

గదిలో దిగిన రోజు ఆవిడ చెప్పినట్టే ముందు కొత్త గిన్నెలో పాలు పెట్టాం. ముగ్గురం పొయ్యి చుట్టూ చేరాం. దీనికి నీ పుస్తకం ఏమంటుందని ఆవిడ అడిగింది. నేను గొంతు సవరించుకుని గుహల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఇంతలో నురగ అంచు దాకా లేచింది. ముగ్గురం ఒకేసారి కేకేశాం. పాలు పొయ్యి మీదికీ, గట్టు మీదికీ, అతని చెప్పులు లేని కాళ్ల దాకా కారాయి. అందులో అంత సంతోషించడానికి ఏముందో నాకు ఇప్పటికీ ఏ బీరువాలోనూ దొరకలేదు.