వల విడిపించిన మనిషి

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఆ మాట అన్నదెవరో గానీ పులస పట్టేవాళ్ళు మాత్రం కాదు. నేను మెట్టకూరు నుంచి యానాంలో చేపలు పట్టుకునే ఇంటికి కోడలిగా వచ్చేనాటికే మా అత్త పుస్తెలు తాకట్టులో ఉన్నాయి. అయినా ఆవిడ ఒక్క పులస ముక్క రుచి చూసి ఎరగదు. వల కొనడానికి షావుకారు అడ్వాన్సు ఇచ్చేవాడు. అడ్వాన్సు ఇచ్చినవాడికే చేప, అదీ అతను చెప్పిన ధరకి. వరదకి ఎదురెక్కి వచ్చిన పులస మా వలలో పడి, మా గుమ్మమైనా తొక్కకుండా అతని ఐసు పెట్టెలోకి పోయేది.

ఎనభైల్లో ఒక వేసవిలో పట్నం నుంచి ఒకాయన వచ్చి అగ్రహారంలో గది అద్దెకు తీసుకున్నాడు. ఏదో సంస్థ పంపిందట. పులసలు ఏటేటా తగ్గిపోతున్నాయి, వరద రోజుల్లో మీ పాయ సముద్రంలో కలిసే మొగలో వల కట్టకుండా ఉంటే గుడ్డు చేపలు పైకి వెళ్ళి గుడ్లు పెడతాయి, గట్టు వెంట నరికేసిన మడ చెట్లు మళ్ళీ నాటండి, డబ్బు మేమిస్తాం, ఎలా చేయాలో మీరే కూర్చుని తేల్చుకోండి అన్నాడు. ఊరకే రారు మహానుభావులు. మా ఇంట్లో చాప మీద కూర్చుని బెల్లం టీ తాగాడు, మొహం చిట్లించలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆ టీకి నేనే మొహం చిట్లిస్తాను.

తర్వాత చేసిన పనికి అనుమానం ఇంకా ముదిరింది. సంస్థ డబ్బుతో షావుకారు బాకీలు తీర్చి మా వలలు విడిపించాడు. బదులుగా ఏమీ రాయించుకోలేదు, వేలిముద్రైనా అడగలేదు. వేలిముద్ర వేయించుకునేవాడితో ఎలా మెలగాలో మాకు తెలుసు. వేయించుకోనివాడితోనే తెలియదు.

"షావుకారు మారాడంతేనే అమ్మాయ్," అంది అత్త. "ఈడికి మన సేప కావాలో, ఏకంగా పాయే కావాలో తేలట్లేదు."

మడ మొక్కలు నాటినందుకు ఆడవాళ్ళకి కూలి ఇచ్చారు. తీసుకున్నాం, మోకాలి లోతు బురదలో దిగి నాటాం. నాటుతున్నంతసేపూ ఈ గట్టు రేపు ఎవరి పేరుకి మారుతుందోనని ఒకరి మొహం ఒకరం చూసుకుంటూనే ఉన్నాం.

వరద ఎర్రనీరు వచ్చింది. ఊరంతా కూర్చుని ఒప్పుకున్న ప్రకారం మొగలో ఎవరూ వల కట్టలేదు. అత్త మాత్రం అన్నం సరిగా తినడం మానేసింది. మాకున్న ఆధారం ఆ వల ఒక్కటే. డబ్బిచ్చినవాడికి తొలి పులస అందకపోతే వల పట్టుకుపోతాడు, షావుకారు మా మరిది వలని అలాగే పట్టుకుపోయాడు. చివరికి ఆవిడ పోరు పడలేక మా ఆయన మొగలో వల వేశాడు. పులస పడింది, కడుపు నిండా గుడ్డుతో. ఏ చేపని వదిలేయమని డబ్బిచ్చారో సరిగ్గా ఆ చేపనే, ఆయన దగ్గర మాట పోకూడదని దొంగతనంగా పట్టాం. అందులో తప్పుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

తడి గోనెలో చుట్టుకుని అత్తా నేనూ అగ్రహారం బయల్దేరాం.

"తీసుకుంటే షావుకారే," అంది అత్త దారిలో. "తీసుకోకపోతే ఇంకా పెద్ద షావుకారు."

ఆయన గోనె విప్పి చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాను.

"ఇది నాకెందుకమ్మా?"

"వల విడిపించింది తమరు గదండీ బాబుగారూ. తొలి సేప తమరిదే."

"నాది కాదమ్మా. వలా, చేపా, పాయా అన్నీ మీవే. మీరు కాపాడుకుంటే రేపు కూడా మీకే ఉంటాయని చెప్పడానికే వచ్చాను."

"ఆయ్," అంది అత్త, ఒక్క ముక్కా నమ్మకుండా.

తిరిగొచ్చేశాం. షావుకారికి ఇవ్వక్కర్లేదు, ఈయన పుచ్చుకోడు. అమ్మితే మొగలో వల వేశామని ఊరంతా తెలిసిపోతుంది. ఇక మిగిలింది వండుకోవడమే. అత్త మట్టి దాకలో సన్నని సెగ మీద పులుసు పెట్టింది. మర్నాటికైతేనే పులస రుచి అంటారు. బతుకంతా ఆగిన మనిషి, ఆ పూట మాత్రం ఆగలేకపోయింది.

గుడ్డు నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. కళ్ళమ్మట నీళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మీద కాదు, ఇన్నేళ్ళూ ఆవిడ నోటి దగ్గరిది లాక్కుతిన్న ప్రతివాడి మీదా.

"ఇది ఎవరి సేపరా?" అని కొడుకుని అడిగింది.

మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఎరగరు.

"మనదేనే అమ్మా. ఇంకెవరూ పుచ్చుకోలేదు గదా."

అత్త కంచంలోనే చెయ్యి కడుక్కుంది.

"అయితే రేపట్నుంచి మొగలో వల ఎయ్యకు. ఎవడి సొమ్మునో వదిలేయడానికి మనమెవరం? మనదైతే వదలొచ్చు."

గుమ్మం దాకా వెళ్ళి, అగ్రహారం వైపు ఓసారి చూసి అంది.

"అయినా ఆయన మీద ఓ కన్నేసి ఉంచు."