రాగి తీగ

ఆదోనిలో కార్లకు స్పీకర్లు బిగించే మేస్త్రీని తలుచుకుంటే ముందు ఆయన బొటనవేలే గుర్తొస్తుంది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకరుకు పోయే వైరులో చిన్న ఫ్యూజు పెట్టి, దాన్ని బొటనవేలితో నొక్కి చూసి, ప్రతిసారీ అదే మాట అనేవాడు.

"ఆంప్లిఫయరుకు ఏమన్నా అయితే ముందు ఇది సస్తాదప్పా. స్పీకరు బతుకుతాది."

నేనప్పుడు ఎమ్మిగనూరులో ఒకాయన కారుకు డ్రైవరుని. దానికి స్పీకర్లు బిగించింది ఈ మేస్త్రీనే. ఉరుకుంద జాతరకు పోతుంటే ఫ్యూజు పోయి పాట ఆగింది. ఆ పూటకని దాని బదులు రాగి తీగ చుట్టాను. తర్వాత మరిచిపోయాను. నెల తిరక్కుండానే ఆంప్లిఫయర్ చెడి, స్పీకరు కాలి, కారు నిండా పొగ కమ్మింది.

ఓనరు నన్ను వెంటబెట్టుకుని మేస్త్రీ మీదికి పోయాడు.

"ఏం బిగించినావప్పా? కారు కాలిపోతాండె!"

మేస్త్రీ సీటు కిందికి వంగి వైరు లాగాడు. రాగి తీగ కనబడింది. నా ముఖంలోకి ఒకసారి చూసి, తీగను పిడికిట్లో మూశాడు.

"నాదే తప్పన్నా. ఫ్యూజు పెట్టేది మర్సిపోయినా."

నేను పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. నా పని పోలేదు. ఓనరు మాత్రం ఊరంతా చెప్పాడు. ఎమ్మిగనూరు కార్లు మేస్త్రీ దగ్గరికి పోవడం మానేశాయి.

నిజం చెప్పాలని ఎన్నోసార్లు ఆదోని బస్టాండులో దిగి, అట్నుంచి అటే తిరిగొచ్చాను. మొన్న కొట్టుదాకా పోతే, ఆయన చనిపోయాడన్నారు.

ఆ కారు ఇంకా నేనే నడుపుతున్నాను. సీటు కింద, ఆ రోజు ఆయన పెట్టిన కొత్త ఫ్యూజు పక్కనే, నా కోసం టేపుతో అంటించిన మరో రెండు ఫ్యూజులు అలాగే ఉన్నాయి.