నా పేరిట నాటిన వేపమొక్కను చూడటానికి

స్కూటరు కొనేటప్పుడు రెండు కంపెనీల బండ్లూ నాకు నచ్చాయి. ధర కూడా దాదాపు ఒకటే. ఒక షోరూములో మాత్రం, బండి కొన్నవాళ్ల పేరిట శంషాబాద్ దగ్గర వేపమొక్క నాటి పెంచుతామన్నారు. ఆ మాటకే ఆ బండి తీసుకున్నాను. తెలిసినవాళ్లందరికీ అదే కొనమని చెప్పాను. మా చెల్లెలు కొనేసింది కూడా. 2012 మార్చిలో ఒక ఆదివారం, నా మొక్క ఎంత ఎదిగిందో చూద్దామని బయలుదేరాను.

బుద్వేల్‌లో మా ఇంటి నుంచి ఏడింటికి బయలుదేరితే, ఆరాంఘర్ చౌరస్తాలో అప్పటికే లారీలు బారులు తీరి ఉన్నాయి. అక్కడి నుంచి బెంగళూరు హైవే మీద తిన్నగా శంషాబాద్. బస్టాండు దగ్గర ఇడ్లీ, చాయ్ కలిపి ఇరవై ఐదు రూపాయలు. హోటలాయనను దారి అడిగాను. "కంపెనోళ్ల చెట్లా? జర ముందుకు పోతె కుడి దిక్కు మట్టి రోడ్డు వస్తది అక్కా. కంచె కనవడ్తది" అన్నాడు.

కంచె లోపల మొక్కల కన్నా పేరు పలకలే ఎక్కువ ఉన్నాయి. నా పేరున్న పలక పక్కన ఒక ఎండుపుల్ల ఉంది. కొంచెం దూరంలో ఒకామె బిందెతో నీళ్లు పోస్తోంది. పేరు అంజమ్మ. మొక్కలు చూసుకోవడానికి కంపెనీ పెట్టిన మనిషి.

"దసరా కాన్నుంచి ట్యాంకరు వస్తలేదు అక్కా. జీతం గూడ బందైంది" అంది.

"మరి మీరెందుకు పోస్తున్నారు?"

"మా మ్యాకలు మేసిన జాగ ఇది. చెట్లయితయంటె ఇడిసినం. ఇగ చెట్లు గూడ లేకుంటె ఎట్ల? మా బోరుకాడికెల్లి తెచ్చినకాడికి పోస్తున్న. ఆ దిక్కు నాతోని కాలే."

అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా, నా పేరిట ఇంకో మొక్క నాటి కొత్త సర్టిఫికెట్ పంపిస్తామన్నాడు.

"ఏమన్నరు?" అంది అంజమ్మ.

"కొత్త మొక్క పెడతారట."

"ఏడ పెడ్తరంట?"

కనుక్కుని చెబుతానని నా ఫోన్ నంబరు ఆమెకు ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం చెల్లెలితో కలిసి షోరూముకు వెళ్లాను. కంపెనీ నాటడానికే డబ్బు ఇచ్చిందని, ఆపై పెంచడానికి ఇవ్వలేదని మేనేజరు నెమ్మదిగా చెప్పాడు. "ఆ మాట కొనేవాళ్లకి కూడా చెప్పండి మరి" అంది చెల్లెలు. బండ్లు చూస్తున్నవాళ్లు ఇటు తిరిగారు. వారం తర్వాత అంజమ్మ ఫోన్ చేసింది: "ట్యాంకరొచ్చింది అక్కా. జీతం సంగతే ఇంక చెప్తలేరు."

బండి మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంకొకరికి కొనమని మాత్రం చెప్పలేకపోతున్నాను. కంపెనీ చేసిన మంచిలో నాకూ వాటా ఉందని ఏడాది పాటు మురిసిపోయాను. ఆ మంచి ఎవరి మేకల బీడు మీద నిలబడిందో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను. అది కంపెనీ మీద అభిమానమో, అంజమ్మ మీదో తేల్చుకోలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే పాత హైవే మీదే వెళ్లండి, ఔటర్ రింగ్ రోడ్డు మీదికి స్కూటర్లను రానివ్వరు. నీళ్లు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి: తాగడానికి ఒక సీసా, పోయడానికి ఒక డబ్బా.