తగ్గని దగ్గు తగ్గిందని చెప్పాను

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు! నేను పెడన యేసుపాదాన్ని, గుడ్డలమీద అచ్చులు అద్దే పనివాణ్ణి. సాక్ష్యం చెప్పడం నాకిది రెండోసారి. మొదటిసారి చెప్పింది అబద్ధం. ఆ అబద్ధంలోనుంచి దేవుడు నన్నెలా లాగాడో చెప్పుకోవడానికే ఇవాళ నిలబడ్డాను.

నాలుగేళ్ళ కిందట నా భార్య కరుణమ్మకు క్షయ పట్టుకుంది. ఏడాదిపైన సూదులు వేయించుకోవాలి, మధ్యలో మానకూడదు అని బందరు ఆసుపత్రి డాక్టరమ్మగారు ఖచ్చితంగా చెప్పారు. రెండు నెలలకే మనిషి కాస్త తేరుకుంది, అన్నం తింటోంది, నా ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే గుడివాడలో పెద్ద పందిరి వేసి స్వస్థత కూటాలు పెట్టారు. ఆ ప్రసంగీకుడి పేరు చెప్పను, చెప్తే మీరు ఆయనొక్కడి దగ్గరే జాగ్రత్తపడతారు! ఆ గొంతేమిటి, ఆ కన్నీళ్ళేమిటి, పెదపారుపూడినుంచీ దివిసీమనుంచీ బళ్ళు కట్టుకుని వచ్చిన ఆ జనమేమిటి! మందు మింగేవాడు దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడాయన. ముందు స్వస్థత అయిందని సాక్ష్యం చెప్పండి, తర్వాత దేవుడే దాన్ని నిజం చేస్తాడు అన్నాడు. నేను లేచి, మైకు పట్టుకుని, నా భార్యకు క్షయ పోయింది, దేవునికే మహిమ అని కేకవేశాను! జనమంతా హల్లెలూయ అంటుంటే ఒళ్ళు పొంగిపోయింది, అబద్ధమాడానన్న సంగతే తట్టలేదు.

అద్దకంలో ముప్పై ఏళ్ళున్నవాణ్ణి కదా, అద్దిన గుడ్డ ఎంత ముచ్చటగా ఉన్నా, ఉడకబెట్టి, కాలవలో ఉతికి, ఎండలో ఆరేసిందాకా రంగు బాగుందని అనను. అలాంటివాణ్ణి ఒక మనిషిని ఒక్క పూటలో నమ్మేశాను!

ఇంటికొచ్చి సూదులు మాన్పించాను. "ఏమండీ, నాకు దగ్గు తగ్గలేదుగా, తగ్గిందని అంతమందిలో ఎందుకు చెప్పారండీ?" అని కరుణమ్మ అడిగితే, నీ అవిశ్వాసమే నీ జబ్బని కసిరాను. నెల తిరక్కుండానే రక్తం కక్కుకుంది. జనం విరగబడి వస్తున్నారని గుడివాడలో కూటాలు ఇంకా నడుపుతూనే ఉన్నారు, పరుగున వెళ్ళి ఆయన కాళ్ళమీద పడ్డాను, ఒక్కసారి ఇంటికొచ్చి ప్రార్థన చెయ్యండయ్యా అని ఏడ్చాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆవిణ్ణి మాత్రం కూటానికి తీసుకురాకండి బ్రదర్, దగ్గిందంటే జనానికి విశ్వాసం సడలిపోతుంది. మీరు వచ్చి మీ సాక్ష్యం ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

సహోదరులారా, అప్పుడు తెరుచుకున్నాయి నా కళ్ళు! ఆయనకు కావలసింది నా భార్య ప్రాణం కాదు, నా సాక్ష్యం. సరేనని ఆ మధ్యాహ్నమే మైకు ముందుకు వెళ్ళి, అయ్యలారా, అమ్మలారా, నేనిక్కడ అబద్ధం చెప్పాను, నా భార్య రక్తం కక్కుతోంది, నా మాట విని మందులు మానినవాళ్ళుంటే దయచేసి మళ్ళీ మొదలుపెట్టండి అన్నాను. వాలంటీర్లు చొక్కా పట్టుకుని కిందికి లాగేశారు. చొక్కా చిరిగింది గాని గుండెల్లో బరువు దిగిపోయింది, దేవునికి స్తోత్రం!

మన సంఘం అయ్యగారు విని ఒక్క మాట దెప్పలేదు. మాతోపాటు బస్సెక్కి బందరు వచ్చి, మంచం పక్కన నిలబడి, "తండ్రీ, డాక్టరమ్మగారి చేతిని దీవించు, ఈ బిడ్డకు ఊపిరినివ్వు, ఈయనకు బుద్ధినివ్వు" అని ప్రార్థించారు. అంతే, అంత చిన్న ప్రార్థన! కానీ ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం వచ్చారు, వచ్చానని ఎక్కడా చెప్పుకోలేదు. పద్దెనిమిది నెలలు సూదులు, మాత్రలు, ప్రార్థన. ఎక్స్‌రే చూసి, జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరమ్మగారు నవ్వుతూ చెప్పిన రోజున నేను ఆసుపత్రి వరండాలోనే మోకాళ్ళూని చంటిపిల్లాడిలా ఏడ్చాను! సాక్ష్యం చెప్పమని అందరూ అన్నారు. నేను చెప్పలేదు, రెండేళ్ళు ఆగాను.

కాబట్టి ప్రియులారా, దేవుణ్ణి నమ్మండి, సందేహం లేకుండా నమ్మండి, ఆయన మందులోనూ ఉన్నాడు, మోకాళ్ళ ప్రార్థనలోనూ ఉన్నాడు! ఆయన పేరు చెప్పుకుని వచ్చే మనిషిని మాత్రం పరీక్షించండి, ప్రశ్న అడిగితే చిరాకుపడేవాడి దగ్గరనుంచి లేచి వచ్చేయండి. నా మాట కూడా ఊరికే నమ్మొద్దు. అదిగో, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కరుణమ్మ కూర్చుంది, ఆరాధన అయ్యాక వెళ్ళి అడగండి. ఈసారి నేను లేవకముందే, చెప్పమంటావా అని ఆమెను అడిగాను. "ఇప్పుడు చెప్పండి" అంది. మహిమంతా నా దేవునికే!